పరగృహవాసము – స్వగృహవాంఛ

తెలుగువారికి సొంత యింటిపై గల మమకారము అనాదియైనదనియు, అద్దె యింట నుండుట వారికి సహజముగనే నామోషి యనియు మన తరగతి గదులలోను, పరిశోధన వ్యాసములలోను తఱచుగ వినవచ్చు మాట. కొందఱు దీనిని జాతి లక్షణమని మెచ్చుకొందురు. మఱికొందఱు ఇది మధ్యతరగతి వారి ఆస్తిదాహము తప్ప వేఱు కాదని నిరసింతురు. మెప్పునకును నిరసనకును నడుమ ఎంత దూరమున్నను, ఈ యిరు తెగలవారును ఒక విషయమున ఏకీభవించుచున్నారు. ఆ వాంఛ మన వాఙ్మయమున మొదటినుండియు నున్నదని ఇరువురును నమ్ముదురు. ఈ నమ్మకమునకు ఆధారము చాలదని మా యభిప్రాయము. పూర్వ సాహిత్యమున ఇల్లు ప్రధానమైన వస్తువే. కాని అచ్చట కవి విచారించినది ఆ యిల్లు ఎవరి సొత్తన్నది కాదు. ఆ కప్పు క్రింద చోటిచ్చినవానికిని, చోటు పొందినవానికిని నడుమ నుండవలసిన ధర్మమేమన్నది. సొత్తు ప్రశ్న ముందునకు వచ్చినది మొన్న మొన్న.

వాదమునకు సాక్ష్యముగ సాధారణముగ చూపబడునది "ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అను సామెత. ఇందలి 'చూడు' అను క్రియ ఆహ్వానము కాదు, హెచ్చరిక. పెండ్లి వ్యయమెంతయో చేసినవానికి, ఇంటి శ్రమయెంతయో కట్టినవానికి మాత్రమే తెలియునని దాని భావము. కట్టుమని గాని, కట్టనివాడు కొఱగానివాడని గాని అందులో లేదు. ఇంటిని గూర్చిన తక్కిన సామెతలను జూచినను ఇంతే. 'ఇల్లు ఇఱకటము, ఆలి మర్కటము' అనునది లోపలి బ్రతుకు బాధను జెప్పును. 'ఇల్లలుకగనే పండుగ కాదు' అనునది పని తీరును జెప్పును. 'ఇల్లు కాలి యొకడేడ్చుచుండ చుట్టకు నిప్పడిగినట్లు' అనునది పొరుగువాని కాఠిన్యమును జెప్పును. కాలిన ఆ యిల్లు ఏడ్చువాని సొంతమా, అద్దెదా యని సామెత అడుగదు. ఏడ్చువాడు అందుండెను, అదియే చాలును.

పదజాలమును పరిశీలించినచో ఈ సంగతి మఱింత స్పష్టపడును. మన పల్లెలలో ఇండ్లకు పేర్లు కప్పునుబట్టి వచ్చినవి: పూరిల్లు, తాటాకిల్లు, పెంకుటిల్లు, డాబా, మేడ. రాయలసీమలో చవుడు మిద్దె, తెలంగాణమున గూనపెంకుటిల్లు. ఈ పేర్లు ఇంటివాని కలిమిని సూచించును గాని హక్కును సూచింపవు. 'సొంతిల్లు', 'అద్దిల్లు' అను జంట పదములు ఈ వరుసలో చేరునవి కావు. అవి వేఱొక కొలతను దెచ్చినవి. భూమి విషయమున చూడుడు: కౌలు, కోరు, గుత్త, మక్తా, పాలు – ఎన్ని తీరుల ఒప్పందములో అన్ని మాటలు మనకు గలవు. కౌలుదారు, పాలికాపు అని మనుష్యులకును పేర్లు గలవు. ఇంటి విషయమున నట్టి సంపద లేదు. 'అద్దెదారు', 'కిరాయిదారు' అనునవి కచేరీల భాషనుండి, కౌలుదారు మూసలో పోసి చేసికొన్న మాటలుగ తోచును. ఒక వ్యవస్థ చిరకాలము వేళ్ళూని యున్నచో భాష దానికి ఇంత పొదుపుగ పేర్లు పెట్టదు.

కోస్తా జిల్లాలలో అద్దె, రాయలసీమలో బాడుగ, తెలంగాణమున కిరాయి – ఈ మూడును నేడు ఇంటికి వాడుచున్నాము. బాడుగను సంస్కృత 'భాటక' శబ్దముతో ముడిపెట్టుదురు. కన్నడ తమిళములలోను దానికి జ్ఞాతులు గలవు. కిరాయి ఉరుదూ మార్గమున వచ్చినది. అద్దెకును బాడుగకును కూలికి దెచ్చుకొను వస్తువునకిచ్చు మూల్యమను అర్థము కలదు. బండ్లకును, ఎడ్లకును, గుఱ్ఱములకును వాడిన మాట ఇంటికి ప్రాకినదని మేము తలంచుచున్నాము. ఇంతకంటె ఆసక్తికరమైన విషయము ఈ మూడు మాటలకును పట్టిన దుర్గతి. 'కిరాయి హంతకుడు', 'బాడుగ నేత', 'అద్దె మేధావి' – తనది కానిదానిని మోయువాడు నీచుడను భావము మూడింటికిని అంటుకొన్నది. ఒక ప్రాంతపు గృహస్థుడు నెలనెలా గౌరవముగ పలుకు మాట పొరుగు ప్రాంతపు పత్రికలో తిట్టుగ మాఱినది. అద్దె పట్ల చులకన నిజముగ నున్నది. దానిని మేము కాదనము. దాని వయస్సునే మేము శంకించుచున్నాము.

మఱి రెండు మాటలు గలవు. 'ఒక యింటివాడగుట' యనగా పెండ్లియాడుట. ఇక్కడ ఇల్లనగా సంసారము. పట్టణములో అద్దెకున్నవాడు 'ఇంటివాడు వచ్చినాడు' అనినచో ఆ యింటివాడు తాను కాడు, యజమాని. మాట యొక్కటే, దానిని ఎవనికి ధారపోసితిమో గమనింపవలెను. రెండవది 'ఇంటిపేరు'. తెలుగువాని పేరునకు ముందు నిలుచు ఈ యింటికి గోడలు లేవు, కప్పు లేదు. గజము నేల లేనివానికిని ఇంటిపేరు కలదు. అద్దె యిల్లు మాఱినప్పుడెల్ల అది వానితో వచ్చును. ఇల్లను భావన మనకు కట్టడముకంటె మొదట వంశమునకును కాపురమునకును చెందినదనుటకు ఇంతకంటె బలమైన సాక్ష్యమక్కరలేదు. ఈ యింటిపేరు నేటి పట్టణములలో ఏ పనికి వచ్చుచున్నదో ముందు చెప్పుదుము.

ఇక కావ్యములకు వత్తము. భారతమును రాజ్యము కొఱకైన కలహముగ చదువుట మన అలవాటు. దానినే ఇండ్ల కథగ చదివి చూచినచో కొన్ని కొత్త విషయములు గోచరించును. పాండవులకు వారణావతమున దొరకిన మొదటి ప్రత్యేక గృహము లక్కయిల్లు. పురోచనుడు శ్రద్ధతో కట్టించినాడు. కొత్త యిల్లు, అందమైన యిల్లు, ఊరక యిచ్చిన యిల్లు. అది చంపుటకు కట్టిన యిల్లు. విదురుడు పంపిన ఖనకుడు త్రవ్విన సొరంగమే వారికి నిజమైన వసతి యైనది. ఆ రాత్రి అన్నము తిని అందు పండుకొన్న నిషాద స్త్రీయు, ఆమె యైదుగురు కొడుకులును మాత్రము కాలి బూడిదయైరి. వారికా యింటిపై హక్కు లేదు, అందలి కుట్రతో సంబంధము లేదు. ఒక్క రాత్రి నిద్రకు వచ్చినవారు. వారి యెముకలే పాండవుల మరణమునకు సాక్ష్యముగ పనికివచ్చినవి. కథ వారికొఱకు ఆగి కంట తడిపెట్టదు. మేము ఈ వ్యాసమున పూర్వ సాహిత్యపు గృహధర్మమును ప్రశంసింపబోవుచున్నాము గనుక, ఆ ధర్మపు హద్దు ఎక్కడనో ముందే చెప్పుట న్యాయము.

లక్కయింటినుండి తప్పించుకొన్న పాండవులు ఏకచక్రపురమున ఒక బ్రాహ్మణుని యింట కాపురముండిరి. భిక్షమెత్తి బ్రదుకుచుండిరి గనుక అద్దె యిచ్చు ప్రసక్తి లేదు. కాని ఆ యిల్లు ఊరక దొరకిన యిల్లని వారనుకొనలేదు. ఆ యూరివారు బకాసురునకు ఇంటి వంతున బండెడన్నమును, దున్నపోతులను, ఒక మనుష్యుని పంపవలెను. ఈ వంతు ఇండ్లకు కట్టినది. ఆ యూర ఇల్లుగలవాడు దానికి లోబడినవాడు. వచ్చి పోవువానికి అది తగులదు. బ్రాహ్మణుని వంతు వచ్చిన దినమున ఆ యింటివారేడ్చుచుండగా కుంతి విన్నది. ఆమె చేసిన విచారణ చాల సూటియైనది: ఇన్నాళ్ళు మనము ఈ యింట శత్రువుల కంటబడక సుఖముగ నుంటిమి, దీనికి ప్రత్యుపకారము చేయవలెను. అద్దెయను మాట లేదు. కాని వాసమునకు మూల్యము కలదన్న ఎఱుక సంపూర్ణముగ నున్నది. ఆ మూల్యము తన కొడుకుల బ్రతుకులనుండి ఒక దానిని పణముగ పెట్టునంత గొప్పది.

బ్రాహ్మణుడు మొదట ఒప్పుకొనలేదు. తన యింట చేరిన అతిథిని తన ప్రాణమునకు మాఱుగ పంపుట మహాపాపమని ఆతని వాదము. ఇచ్చినవాడు తీసికొనుటకు వెనుదీయుచున్నాడు, పొందినవాడు ఇచ్చుటకు తొందరపడుచున్నాడు. ఇంటి యజమానికిని, ఇంట నున్నవానికిని నడుమ ఇంతకంటె గంభీరమైన సంవాదము మన సాహిత్యమున మేమెఱుగము. ఇందు ఎవడును ఎవనికిని లోకువ కాడు. యజమాని దాత యన్న గర్వము లేదు, ఉన్నవాడు ఆశ్రితుడన్న దైన్యమును లేదు.

ఈ ఘట్టముననే సంస్కృత మూలమున ఒక చిన్న సంగతి యున్నది. విమర్శకుల దృష్టి దానిపై పడవలసినంతగ పడలేదు. బ్రాహ్మణుడు భార్యతో దుఃఖించుచు, క్షేమమైన చోటికి పోదమని నేనెన్ని సార్లు బతిమాలినను నీవు వినలేదు, ఇచ్చట పుట్టితిని, ఇచ్చట పెరిగితిని, మా తండ్రి ఇచ్చటనే యుండెనంటివి యని నిందించును. సొంత యింటి మమకారమునకు ఇది ప్రాచీనమైన ఉదాహరణమే. కాని కవి దానిని ఏ సందర్భమున చెప్పించెనో చూడవలెను. ఊరు రాక్షసుని పాలైనను కదలనీయని బంధముగ, బిడ్డలను బలిపెట్టు స్థితికి దెచ్చిన మొండిపట్టుగ అది కనబడుచున్నది. అదే పెంకు క్రింద నున్న పాండవులు ఏ క్షణముననైనను లేచి పోగలరు, పోయిరి కూడ. స్వగృహము కాళ్ళకు సంకెలయగునన్న ఆలోచన నేటి ఉద్యోగస్థుడు కనిపెట్టినది కాదు. ఆ యిల్లాలిని మాత్రము మేము భర్త నిందించినంతగ నిందింపలేము. పుట్టింటి నేలను విడువనన్న స్త్రీ మాటకు వేఱు బరువున్నది. దానిని ఈ వ్యాసము చివర చూతము.

ఏకచక్రము తరువాత పాంచాల నగరమున కుమ్మరి యిల్లు. ద్రౌపది కోడలిగ మొదట అడుగిడినది ఆ కుమ్మరి యింటనే. అటు పిమ్మట ఖాండవ దహనము, మయసభ. సొంతముగ కట్టుకొన్న ఈ సభకు చోటు ఎట్లు ఏర్పడినది? అడవి కాలి, అందలి ప్రాణులు చచ్చి, తక్షకుని కులము నెలవు దప్పి. కట్టినవాడెవడు? ఆ మంటలనుండి ప్రాణభిక్ష పొందిన మయుడు. ఆ సభ చూచియే దుర్యోధనునకు కన్ను కుట్టినది; ఆ కన్నుకుట్టే జూదమునకు దారితీసినది. పరుల యిండ్ల నున్నన్నాళ్ళు పాండవులకు ప్రాణాపాయమే గాని మానహాని లేదు. సొంత సభ కట్టిన పిమ్మట మానమును పోయినది. దీనిని నీతిగ లాగుట మా యుద్దేశము కాదు. మన ఆదికావ్యము స్వగృహమును గమ్యముగ గాని, పరగృహమును పతనముగ గాని చిత్రింపలేదని చూపుటయే ఉద్దేశము.

విరాటపర్వము దీనికి విరుద్ధమని కొందఱనవచ్చును. నిజమే, తిక్కన చూపిన పరగృహవాసము చేదైనది. సైరంధ్రిగ సుదేష్ణ యింట చేరిన ద్రౌపదికి కీచకునివలన కలిగిన అవమానము అందఱెఱిగినదే. ఆడుదానికి ఒకరి పంచన నుండుట ఎంత ప్రమాదమో ఇంతకంటె తీవ్రముగ చెప్పినవారు లేరు. ఐనను కీచక వధానంతరము జరిగినది చూడుడు. రాజు భయపడి, ఈమెను వెళ్ళిపొమ్మనుమని రాణి ద్వారా చెప్పించును. సైరంధ్రి పదమూడు దినములు గడువు కోరును. ఆ గడువు దొరకును. నేటి న్యాయస్థానములలో ఖాళీ చేయుటకు గడువు కోరు వాదములను వినినవారికి ఈ ఘట్టము చాల పరిచితముగ తోచును. గడువు అడిగిన ఆమె ఆ కొద్ది దినములలో మహారాణి కాబోవుచున్నదని పాఠకునకు తెలియును, సుదేష్ణకు తెలియదు. ఇంటనున్నవారెవరో యజమానికి పూర్తిగ తెలియదన్నది ఆ పర్వమంతటికిని ఆయువుపట్టు.

భాగవతమున కుచేలుని కథ ఇల్లు కట్టుటను గూర్చినదే యనదగును. పోతన కుచేలుడు ద్వారకనుండి తిరిగి వచ్చి తన యింటిని తానే గుర్తింపలేకపోవును. అడుగని భవనము, కట్టించుకొనని భవనము. ఇల్లు వచ్చినందుకు ఆతడు మాఱలేదన్నదే పోతన చెప్పదలచినది. దీనిని గూర్చి ఇంతకంటె విస్తరింప పనిలేదు.

కూటికిని నిద్రకును మూల్యము దీసికొను ఇంటిని మన సాహిత్యము ఎట్లు చూచినదని అడుగువారికి క్రీడాభిరామము సమాధానమిచ్చును. అది వినుకొండ వల్లభరాయనిదా, శ్రీనాథునిదా యను వివాదము ఇచ్చట మనకక్కరలేదు. ఓరుగల్లు వీథులలో తిరుగు మంచనశర్మయు, టిట్టిభసెట్టియు పూటకూళ్ళ యింట భోజనము చేయుదురు. లక్ష్మణవజ్ఝల యింట ఒక రూకకు దొరకు ఆ భోజనమును కవి నోరూరునట్లు వర్ణించినాడు. రూక యిచ్చి తినుటలో ఏ లోపమును ఆతనికి కనబడలేదు. ఆతిథ్యము అమ్ముడుపోయినదని నిట్టూర్పు లేదు. అదే కావ్యమున మాచల్దేవి కొత్త చిత్రశాలా ప్రవేశము కలదు. పుణ్యాహవాచనముతో, గోడలనిండ చిత్రములతో సొంత భవనమును ప్రవేశించుచున్నది గృహిణి కాదు, ప్రతాపరుద్రుని భోగస్త్రీ. స్వగృహము కులీన గృహస్థుని గౌరవచిహ్నమను సిద్ధాంతము ఈ కావ్యము ముందు నిలువదు. ఓరుగల్లులో గృహప్రవేశ వైభవము వెలయాలిది. పూటకూటి తృప్తి బ్రాహ్మణునిది.

కొన్ని శతాబ్దముల పిమ్మట గురజాడ విజయనగరమున మరల పూటకూళ్ళ యిల్లు తెఱచినాడు. 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చై, 1909లో తిరుగ వ్రాయబడిన కన్యాశుల్కమున గిరీశము కాపురము పూటకూళ్ళమ్మ యింట. మేమెఱిగినంతలో విమర్శకులు గిరీశముపై పెట్టిన శ్రద్ధలో పదవ వంతైనను ఆ యింటిపై పెట్టలేదు. వితంతువునకు పుట్టింటనో అత్తింటనో మూలగది తప్ప వేఱు చోటు లేని కాలమది; బుచ్చమ్మ స్థితి అదియే. ఆ కాలమున ఒక వితంతువు తన పేరిట ఇల్లు నడపుచు, మగవారికి కూడు పెట్టి, రూకలు పుచ్చుకొని బ్రదుకుచున్నది. నాటకమున ఆమె నవ్వులపాలైనను, ఆ నాటకమున ఒకరి దయపై ఆధారపడని స్త్రీలలో ఆమె యొకతె. బాకీ పడి మోసము చేసిన వానిని చీపురుకట్టతో వెదకుకొని మధురవాణి యింటికి వచ్చు ధైర్యము ఆ యింటివలన వచ్చినది. దెబ్బ మంచము క్రింద గిరీశమునకు గాక రామప్పపంతులునకు తగులుట నాటక ధర్మము. (గురజాడ మంచముల క్రింద దాగిన పాత్రలను గూర్చి ఎవరైన ప్రత్యేకముగ వ్రాయవచ్చును, 'దిద్దుబాటు'లో కమలిని దాగినదియు అచ్చటనే.) ఇల్లు అద్దెకిచ్చు వ్యక్తియనగానే మనకు మీసములు మెలివేయు యజమాని తోచును. తెలుగు సాహిత్యపు మొదటి సజీవ గృహస్వామిని ఈ విధవ యని మఱచుచున్నాము.

మఱి చులకన ఎప్పుడు వచ్చినది? ఉద్యోగము కొఱకు ఊరు విడిచినప్పుడు. గుమాస్తాలు, బడిపంతుళ్ళు, ప్లీడర్లు రాజమహేంద్రవరము, బెజవాడ, మద్రాసు చేరి, పల్లెలో పాడువడుచున్న పెంకుటిల్లును తలచుకొనుచు పట్టణమున రెండు గదులలో నుండసాగినప్పుడు. 1953లో ఆంధ్ర రాష్ట్ర రాజధాని కర్నూలునకు వచ్చినప్పుడు కచేరీలకే ఇండ్లు చాలక గుడారములు వేసిరి. 1956లో ఉద్యోగులు హైదరాబాదు చేరి మరల ఇండ్లు వెదకుకొనిరి. ఇండ్లు తక్కువై మనుష్యులు ఎక్కువైన చోట యజమాని మాటకు విలువ పెరుగును. శాసనము అందుకే అడ్డువచ్చినది. మద్రాసు రాష్ట్రమున 1946లోను, 1949లోను, హైదరాబాదు రాష్ట్రమున 1954లోను అద్దె నియంత్రణ చట్టములు వచ్చినవి. ఆంధ్రప్రదేశమున రెంటిని కలుపుచు 1960 చట్టము వచ్చినది. అద్దె బాకీ, పెఱవారికి మరల అద్దెకిచ్చుట, యజమానికి స్వయముగ అవసరపడుట వంటి కారణములు చూపినగాని ఖాళీ చేయింపరాదని నిర్ణయించినది.

కొత్త యిండ్లు కట్టువారికి ప్రోత్సాహముగ, 26 ఆగస్టు 1957 నాడును ఆ పిమ్మటను కట్టిన భవనములకు ఆ చట్టము వర్తింపదని 32వ సెక్షనులో మినహాయింపు చేర్చిరి. అనగా పాత గోడల నడుమ నున్నవానికి రక్షణ కలదు, కొత్త గోడల నడుమ నున్నవానికి లేదు. ఈ భేదము కాలము గడచిన కొలది తన హేతువును పోగొట్టుకొన్నదని సుప్రీంకోర్టు 1983లో దానిని కొట్టివేసినది. సాహిత్య వ్యాసమున చట్టపు సెక్షనులు ఏల యని అడుగవచ్చును. కుంతి బ్రాహ్మణునితో మాటలాడి తేల్చుకొన్న విషయమును మనము శాసనసభకు అప్పగించితిమని చూపుటకే. అప్పగించుట తప్పని మేమనము. మాటలాడుకొని తేల్చుకొను సమత్వము లేని చోట చట్టమే మేలు. కాని చట్టము ఇరువురను కక్షిదారులను చేయును. తరువాతి కథలలో మనకు కనబడువారు ఈ కక్షిదారులే. 1987 నాటి అపార్టుమెంటుల చట్టము పిమ్మట సొంత యిల్లే గాలిలోనికి లేచి, నేలపై 'అవిభక్త వాటా'గ మిగిలినది. ఉమ్మడి కుటుంబమునకు వాడిన 'అవిభక్త' శబ్దము, కుటుంబములు విడిపోయిన పిమ్మట ముఖపరిచయము లేని పొరుగువారికి చెల్లినది. ఈ విపరీతమును వాడుకొన్న కథకుడు మాకు కనబడలేదు.

ఇంతవఱకు చెప్పినదానినిబట్టి స్వగృహవాంఛ అర్వాచీనమైన మోజు మాత్రమేయని తేల్చినచో మేము ఖండింపబూనిన రెండవ తెగవారిలో చేరుదుము. అది సరికాదు. ఈ వాంఛ అందఱికిని ఒక్కటి కాదు. అద్దె యింట దిగునప్పుడు తెలుగువారు పాలు పొంగింతురు. శుభకార్యమునకు సొంతము, పరాయి యను భేదము లేదు. భేదము తెలియునది చావు వచ్చినప్పుడు. అద్దె యింటనున్నవాడు ఆస్పత్రిలో మరణించినచో శవమును లోనికి తేనీయని యజమానుల సంగతి మన పత్రికలలో చదువుచునే యున్నాము. వాకిటనో, వీథి చివరనో, తిన్నగ శ్మశానముననో దింపవలసి వచ్చును. ఏకచక్రపుర బ్రాహ్మణుడు తన యింటనున్నవానిని చావునకు పంపనన్నాడు. నేటి యజమాని తన యింటనున్నవాని చావును లోనికి రానీయనన్నాడు. ఈ రెండు వాక్యముల నడుమ దూరమును కొలువని విమర్శ గృహభావనను గూర్చి ఏమి చెప్పినను వ్యర్థము. ఇట్టి అనుభవము గలవాడు అప్పు చేసియైనను రెండు గదులు కట్టుకొనుటను ఆస్తిదాహమనుట మాకు చేతకాదు.

రెండవది కులము. పల్లెలో ఊరు వేఱు, వాడ వేఱు. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922 నాటి నవలకు 'మాలపల్లి' యని పేరు పెట్టుటలోనే కథలో సగమున్నది. అక్కడ అద్దె ప్రశ్నయే లేదు, ఏలయనగా ఎవడెక్కడ నుండవలెనో పుట్టుకయే నిర్ణయించును. పట్టణము ఆ నిర్ణయమును సడలించునని ఆశ కలిగినది. రూపాయికి కులము లేదు, అద్దె యిచ్చువాడు ఏ వీథినైనను ఉండవచ్చును. అద్దె యొప్పందములోని ఈ విముక్తిని మన విమర్శకులు గుర్తింపలేదు. కాని ఆ విముక్తి గుమ్మము వద్ద ఆగిపోయినది. 'మీ యింటిపేరేమి?' యని యజమాని మర్యాదగ అడుగును. పూర్వము చెప్పిన గోడలు లేని ఆ యిల్లు, మనిషితో ఊరూరు తిరుగు ఆ యిల్లు, గోడలున్న యింటిలోనికి రానీయకుండుటకు సాధనమైనది. ఇంటిపేరు చెప్పి ఇల్లు పోగొట్టుకొనుట – భాషలో ఇంతకంటె క్రూరమైన శ్లేష ఉండునా?

జాషువ 1941లో గబ్బిలమును దూతగ ఎన్నుకొన్నప్పుడు ఈ సంగతి యెఱిగియే ఎన్నుకొన్నాడు. గబ్బిలము దేవాలయపు కప్పునకు వ్రేలాడుచు వసించును. అద్దె లేదు, పట్టా లేదు, పొమ్మనువాడు లేడు. ఆ గుడిసెలోని మనుష్యునకు గుడిలో అడుగిడ హక్కు లేదు. పరగృహమున నిశ్చింతగ నుండగలిగినది పక్షియు కాని, మృగమును కాని ప్రాణి. ఈ కావ్యమును అస్పృశ్యతా నిరసనముగ చదువుట సరియే. దానిని నివాసమును గూర్చిన కావ్యముగ కూడ చదువవలెనని మా మనవి. అట్లు చదివినచో స్వగృహవాంఛ యొక్క మూడవ రూపము దొరకును. ఇంటిపేరు అడుగనక్కరలేని తలుపు ఒక్కటే యున్నది. తన పేరిట రాయించుకొన్న తలుపు. ఆ తలుపును కోరుట డాంబికము కాదు, ఆత్మరక్షణము.

ఇక స్త్రీ సంగతి. ఇల్లాలు అనగా ఇంటి ఆలు. ఇంటినుండియే ఆమెకు పేరు వచ్చినది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము కూతుళ్ళకు తండ్రి యాస్తిలో హక్కు నిచ్చుచునే, 23వ సెక్షనులో, కుటుంబము నివసించు ఇంటిని మాత్రము మగ వారసులు పంచుకొనదలచిన దాక ఆడ వారసులు పంచుమని అడుగరాదనినది. పెండ్లి కాని, విధవయైన, భర్త విడిచిన కూతురు అందు నివసింపవచ్చును, అంతే. పొలము అడుగవచ్చును, ఇల్లు అడుగరాదు. ఈ సెక్షను 2005లో తొలగింపబడినది. ఏకచక్రపుర బ్రాహ్మణుని భార్య, ఇచ్చట పుట్టితిని, ఇచ్చటనే యుందునన్న మాటను మేము మొండిపట్టని త్రోసివేయలేమనుటకు ఇదియే కారణము. పుట్టిన యింట నిలువగలుగుట మగవానికి స్వభావము, ఆడుదానికి వాదము. 2006 నాటి ఇందిరమ్మ యిండ్లలోను, 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశమున పంచిన యింటి పట్టాలలోను స్త్రీ పేరు చేరినది. స్థలము ఊరికి ఎంత దూరమున్నది, గోడలు లేచినవా లేదా యను ప్రశ్నలు వేఱు. కాగితముపై ఇల్లాలి పేరుండుట మన కథాసాహిత్యమునకు క్రొత్త.

కావున 'దిద్దుబాటు'ను, చలము 'మైదానము'ను ఈ దృష్టితో మరల చదువుట విద్యార్థులకు ప్రయోజనకరమగునని తలంచుచున్నాము. 1910 నాటి కథలో గోపాలరావు అర్ధరాత్రి వచ్చి ఖాళీ యిల్లు చూచి గుండె జాఱిపోవును. పుట్టింటికి పోవుచున్నానని కమలిని లేఖ. ఆమె నిజముగ గడప దాటలేదు. 1927 నాటి నవలలో రాజేశ్వరి దాటినది. దాటి చేరినది మఱియొక యింటికి కాదు, మైదానమున గుడిసెకు. ఆ గుడిసెకు అద్దె లేదు, దస్తావేజు లేదు. ఒకతె మంచము క్రింద దాగి భర్తను దిద్దినది, మఱియొకతె కప్పునే వదలుకొన్నది. విమర్శకులు వీరి శీలమును గూర్చి నూఱేండ్లుగ తగవులాడిరి. వారు విడువదలచిన, విడిచిన ఇల్లు ఎవరి పేరిట నుండెనని ఒక్కరైనను అడిగినట్లు మాకు కనబడలేదు.